సుంకమ్మ గడప ముందు నీళ్లు

ట్రిప్పు 611

ఈ రోజు సుంకమ్మ ఇంటి ముందు ఆగినప్పుడు చీమ కాస్త ఎడమకి ఒరిగింది.

చీమ అంటే మా బండి. ఎనిమిది సీట్లు, పైన కప్పు లేదు, నేల మీద వేసిన పట్టా వెంబడి దానంతటదే పోతుంది. నడపడానికి నాతో పని లేదు. జనాన్ని ఎక్కించి దించడానికి, ముసలివాళ్ల చెయ్యి పట్టుకోవడానికి నేను. ఇంకో పని కూడా ఉంది. బండిలో వినిపించే గొంతు చెప్పేది ఎవరి బుర్రకీ ఎక్కదు, దాన్ని మనుషుల మాటల్లో మళ్లీ చెప్పాలి. "ఇచ్చట మన పూర్వీకులు ప్రప్రథమంగా ప్రాణవాయువును ఉత్పత్తి గావించిరి" అంటుందది. "ఇది గాలి మిషను. గాలమ్మ అని పిలిచేటోళ్లు. మొరాయిస్తే టెంకాయ దొరక్క శనక్కాయ కొట్టేటోళ్లంట" అంటాను నేను. జనం గొంతుని వదిలేసి నా వైపు తిరుగుతారు. దానికి అభిమానం లేదు కాబట్టి సరిపోయింది.

ప్రతి ట్రిప్పుకీ నాలుగు ముక్కలు రాసి పెట్టాలని టూరు ఆఫీసు రూలు. వీటిని చదివే నాథుడు లేడని నాకు గట్టి నమ్మకం. అందుకే ఉన్నదున్నట్టు రాస్తాను.

ఇవాళ ఎక్కినవాళ్లు కూరల తోటలో పనిచేసేవాళ్లు. ఇనప తలుపు దాటి పాతూరి గుహలోకి రాగానే చలికి అందరూ దుప్పట్లు కప్పుకున్నారు. పాతూళ్లో కాపురం మానేసి అందరూ కొత్తూరికి మారి చాలా తరాలయింది. అంగారకుడి మీద బతకాలంటే నీళ్లు లేకుండా బతకడం వచ్చినవాళ్లు కావాలని భూమంతా గాలించి, చివరికి అనంతపురం నుంచి మావాళ్లని తెచ్చారట. ఈ మాట చెప్పగానే బండిలో ప్రతిసారీ నవ్వుతారు. ఆ నవ్వులో కొంచెం గర్వం కూడా ఉంటుంది.

గాలమ్మ తర్వాత తొలి చేను వస్తుంది. మంచమంత ఉంటుంది, అద్దం కింద ఎండిన వేరుశనగ కట్టె. ఆ తర్వాత బడి గోడ. దాని మీద ఎవరో అనంతపురం పటం గీసి, నీలం రంగుతో ఒక వంకర గీత పెట్టారు. ఇదేంటక్కా అని ఒకామె అడిగింది. పెన్నేరు, నీళ్లు నడిచి పోయే దారి అని చెప్పాను. నేను వేళాకోళం ఆడుతున్నానని ఆమె నా భుజం మీద ఒకటి వేసింది. నేను మాత్రం చూశానా? నీళ్లు గ్లాసులో ఉంటాయి, గొట్టంలో ఉంటాయి. నేల మీద ఉండే నీళ్లు మాలో ఎవరూ చూడలేదు.

ఆఖరున సుంకమ్మ ఇల్లు. ఐసు తవ్వి కరిగించినప్పుడు వచ్చిన తొలి గ్లాసు నీళ్లు, ఊరంతా నాలుక ఎండి నిలబడి ఉంటే, సుంకమ్మ తాగకుండా తన గడప ముందు పోసిందట. భూమి నుంచి వచ్చే దారిలో చనిపోయిన బిడ్డ పేరు మూడుసార్లు పిలిచిందట. అప్పటి నుంచీ ఇక్కడికి వచ్చేవాళ్లంతా తమ రోజువారీ వాటాలోంచి ఒక చెంచాడు నీళ్లు తెచ్చి గడప ముందు పోసి, ఎవరు చల్లగా ఉండాలో వాళ్ల పేరు పిలుస్తారు. ఇంట్లో బిడ్డ పుడితే పెద్దదిక్కు గ్లాసు నిండా తెచ్చి పోయాలి. మూడుసార్లు పిలిచాకే ఆ పేరు బిడ్డకి పడినట్టు. పోసిన నీళ్లు క్షణంలో నేలలోకి మాయమైపోతాయి. సుంకమ్మ తాగింది అంటాం.

ఈ ట్రిప్పుల్లో నేను విన్న పేర్లకి లెక్క లేదు. బండి ఒరగడం మాత్రం ఇదే మొదలు.

ట్రిప్పు 614

మళ్లీ ఒరిగింది. మెకానిక్కు పెద్దన్నని పిలిచి చూపించాను. కిందికి దూరి, స్ప్రింగులు మార్చి, దుమ్ముకొట్టుకుని బయటికొచ్చాడు. బండికి ఏ రోగమూ లేదని, బరువున్నవాళ్లనంతా నేనే ఎడమవైపు కూర్చోబెడుతున్నానని తేల్చాడు. నేనెటు కూర్చుంటానో చూసి మరీ అన్నాడు.

ట్రిప్పు 619

సుంకమ్మ గోడకి గడప పక్కన నెర్రె వచ్చింది. వేలు పడుతుంది.

మామూలుగా అయితే భయపడాలి. మావాళ్లు భయపడలేదు. ఆ నెర్రె కొంచెం వంపు తిరిగి ఉంది కదా, సుంకమ్మ నవ్వుతాంది అని ఎవరో అన్నారు. మర్నాటికల్లా కొత్తూరంతా పాకిపోయింది. ఇవాళ చీమకి జనం పట్టలేదు. అందరూ గడప వదిలేసి ఆ నవ్వులోనే పోస్తున్నారు. ఒకాయనైతే చెంచా చాలదని గ్లాసే ఒంపేశాడు. నేను కూడా నా చెంచాడు నెర్రెలోనే పోశాను. ఎంత పోసినా లోపలికే లాగేసుకుంటుంటే ఒళ్లు పులకరించింది.

పోసేసి వెనక్కి తిరిగితే మా చీమ ఒక పక్కకి వాలి ఉంది, పసిపిల్ల ఊయల మాదిరి.

ట్రిప్పు 623

ఇవాళ నేలా గోడలూ గట్టిగా ఉన్నాయో లేదో చూసే నేల ఆఫీసు నుంచి వకుళ అనే అమ్మాయి వచ్చింది. చిన్న వయసే, మాట నెమ్మది. టూరు మొత్తం కుదురుగా కూర్చుని, శనగ చేను దగ్గర ఫోటో కూడా తీసుకుంది. నాకు నచ్చింది. సుంకమ్మ ఇంటి దగ్గర అందరూ పోసి వచ్చాక, తను మాత్రం నీళ్లు పోయకుండా గోడకి చెవి ఆనించి కొట్టి చూసింది. అక్కడ్నించి నచ్చడం మానేసింది.

అందరినీ దింపేశాక నన్ను ఆగమంది. పాతూరిలోనే కూలిన ఏదో గోడ ఇటుక ముక్క సంచిలోంచి తీసి పళ్లెంలో పెట్టింది. తన వాటా గ్లాసులోంచి కాసిని నీళ్లు దాని మీద పోసింది. నేను చూస్తుండగానే ఇటుక మెత్తబడింది, అంచులు జారాయి, ముద్దయి పళ్లెంలో కూర్చుంది.

ఇక్కడి మట్టిలో ఉప్పు ఎక్కువట. పొడిగా ఉన్నంతకాలం ఆ ఉప్పే మట్టిని పట్టి ఉంచుతుంది, తడి తగిలితే కరిగిపోతుంది. ఇన్ని తరాల చెంచాలూ గ్లాసులూ ఎక్కడికీ పోలేదట, ఆ ఇంటి కిందే ఉన్నాయట. పునాది లోపల, చీమ ఆగే చోట కూడా బోలు పడిందట, బండి ఒరిగేది అందుకేనట. కూలితే చీమ మీదే కూలుతుందట.

నాకు చాలా కోపం వచ్చింది. నీళ్ల వల్ల చెడిపోయేది ఒకటి ఉంటుందని పుట్టి బుద్ధెరిగాక నేను వినలేదు. ఎండినదానికి నీళ్లు, రోగానికి నీళ్లు, దేవుడికి నీళ్లు. మేం మా నోరు కట్టుకుని పోసిన నీళ్లు ఆ ఇంటిని తినేస్తున్నాయంటే ఎట్లా నమ్మేది?

"మరి భూమ్మీద మట్టిండ్లు ఉన్నెయ్యంట కదా, ఆకాశం నుంచే నీళ్లు పడ్తా ఉన్నెయ్యంట కదా, అవెట్ల నిలబడ్నాయి?" అని నిలదీశాను.

"వాళ్లకు తెలుసు కదక్కా నీళ్లు ఏం చేస్తాయో. ఏటేటా గోడలు మెత్తుకునేవాళ్లు. మనకి వాన లేదు, దాంతో ఆ తెలివీ పోయింది" అంది.

ఆ అమ్మాయి మొహంలో గెలిచానన్న సంబరం ఏమీ లేదు. తను కూడా చిన్నప్పుడు ఇక్కడే పేరు పడిన పిల్ల. పళ్లెంలో మట్టిని అట్లాగే పట్టుకుని చాలాసేపు కూర్చుంది. నేను కూడా పక్కన కూర్చున్నాను.

ట్రిప్పు 626

ఆఫీసు ఆర్డరు వచ్చింది. సుంకమ్మ ఇంటి ముందు చీమ ఆగదు. నీళ్లు పోయడం బంద్. ఇల్లు ఆరేదాకా ఎవరూ గడప దగ్గరికి పోకూడదు. ఎప్పటికి ఆరుతుందంటే వకుళ కూడా చెప్పలేకపోయింది.

ఇవాళ ఆ ఇల్లు దాటుతున్నప్పుడు బండిలో అందరూ చెంచాలు పట్టుకుని గడప వైపే తిరిగారు. గొంతు మాత్రం మామూలుగానే "యాత్రికులు ఇచ్చట దిగి జలతర్పణము గావింపవచ్చును" అంది. దాన్ని ఇంకా మార్చలేదు. ఒకామె పోతున్న బండిలోంచే చెంచాడు నీళ్లు విసిరింది. నీళ్లు గడప దాకా పోలేదు, నా పమిట మీద పడ్డాయి. తప్పయిందమ్మా అని ఆమె ఏడ్చింది. పమిట ఆరిపోయింది గానీ నా మనసు బాగాలేదు.

తిరిగొచ్చేసరికి స్టాండులో మాబున్నీ కూర్చుని ఉంది. నీళ్ల గొట్టాల దగ్గర కాపలా చేస్తుంది, నాకంటే పెద్దది. కూతురికి నెలలు నిండకుండా పాప పుట్టింది, ఆస్పత్రిలో అద్దాల పెట్టెలో పెట్టారు. నిరుడు పుట్టిన మనవరాలు కూడా అట్లాగే పెట్టెలో ఉండి, సుంకమ్మ దగ్గరికి వచ్చే వరస అందేలోపే పోయింది. పేరు లేకుండానే పోయింది. ఏమని తలుచుకోవాలో కూడా తెలియక ఆ ఇంట్లో ఏడ్చేటప్పుడు పిల్లా పిల్లా అనే ఏడుస్తారు.

ఈసారి మాబున్నీ బిడ్డ కడుపులో ఉండగానే వరస పెట్టుకుంది. ఆ వరస వచ్చేవారం.

"ఆగదంట కదా ఓబులమ్మా" అంది.

ఆగదక్కా అన్నాను. గోడ సంగతి, ఉప్పు సంగతి అంతా చెప్పాను. ఊ కొడుతూ విన్నది. లేచి వెళ్తూ, వరస మాత్రం తీసెయ్యొద్దని, ఊరికే చూసి వస్తానని అంది.

ట్రిప్పు 630

ఇది తీరిగ్గా రాస్తున్నాను, ఎందుకంటే ఇది మాత్రం చదువుతారు.

బండిలో మాబున్నీ, నీళ్ల పంచాయితీ పెద్ద కుళ్లాయప్ప, ఇంకొంతమంది. ఆర్డరు సరిగ్గా జరుగుతోందో లేదో చూసుకోవడానికి కుళ్లాయప్ప తనే వచ్చాడు. మాబున్నీ ఒళ్లో చెంగు కింద గ్లాసు ఉందని ఎక్కేటప్పుడే చూశాను. చూడనట్టు ఊరుకున్నాను. ఇనప తలుపు దగ్గర, గాలమ్మ దగ్గర, చేను దగ్గర చెప్పాల్సినవన్నీ చెప్పాను. శనక్కాయ మాటకి ఎవరూ నవ్వలేదు. మాబున్నీ ఏదీ చూడలేదు. బడి గోడ దాటాక, పాపకి రాత్రి నుంచి ఊపిరి సరిగ్గా ఆడటం లేదని నాకొక్కదానికే వినపడేటట్టు చెప్పింది.

సుంకమ్మ ఇల్లు ఇంకా కొంత దూరం ఉందనగా, కదిలే బండిలోంచే ఆమె దూకేస్తుందేమోనని నేను చేతి బ్రేకు లాగాను.

కుళ్లాయప్ప ఏం జరిగిందని అడిగే లోపలే మాబున్నీ దిగి నడవడం మొదలుపెట్టింది. పరుగులాంటి నడక. నెర్రె ఇప్పుడు పిడికిలి పట్టేంత ఉంది. గడప రాయి ముందుకి వంగింది. నేను ఆమెకంటే ముందు పోయి అడ్డం నిలబడ్డాను. గ్లాసు అంచు దాకా నీళ్లున్నాయి, ఒలకకుండా రెండో చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అడ్డం లెయ్యి ఓబులమ్మా. ఒక్క గ్లాసుతో ఏం కూలదు" అంది.

ఒక్క గ్లాసుతో కూలదేమో. కూలితే మాత్రం ఆమె మీదే కూలుతుంది. ఆమె వెనక బండిలో ఇంకా కొంతమంది ఉన్నారు, వాళ్ల ఇళ్లల్లోనూ పిల్లలున్నారు, రేపు వాళ్లూ ఒక్కొక్క గ్లాసుతో వస్తారు. అట్లాగని ఆమెని ఉత్త చేతులతో వెనక్కి పంపితే, ఆ పాప కూడా పిల్లగానే మిగిలిపోతే?

మా ఊళ్లో ఒకరి వాటా ఇంకొకరు తాగరు. మొగుడి గ్లాసు పెళ్లాం ముట్టదు. తొలినాళ్లలో అట్లా తాగినవాడి వల్ల మనుషులు పోయారట. పక్కోడి నీళ్లు తాగేవాడా అన్న తిట్టుకి మించిన తిట్టు మా భాషలో లేదు. మిగిలిన నీళ్లు ఇవ్వడానికి మనిషి లేక, మాకు నేల ఒక్కటే దిక్కయింది. ఇదంతా అప్పుడు నేను ఆలోచించలేదు. ఇప్పుడు రాస్తుంటే తోస్తోంది. అప్పుడు ఆ నిండు గ్లాసు ఒక్కటే కనపడింది.

రెండు చేతులూ దోసిలి పట్టి ఆమె ముందు చాపాను.

"నా చేతుల్లో పొయ్యక్కా" అన్నాను.

ఆమెకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక నా మొహంలోకి చూసింది, ఈ మనిషికి మతి పోయిందా అన్నట్టు. వెనక నుంచి కుళ్లాయప్ప ఓబులమ్మా అని ఒక్క కేక వేశాడు. బండిలో ఒకాయన మొహం పక్కకి తిప్పుకున్నాడు. మాబున్నీ కళ్లు తుడుచుకుని నా దోసిట్లో పోసింది.

"మస్తానమ్మా" అని పాప పేరు పిలిచింది.

తాగాను. చల్లగా ఉన్నాయి. సిగ్గుతో నా చెవులు కాలిపోతున్నాయి. ఎందుకన్నానో తెలియదు, "ఆ" అన్నాను.

ఆమె ఉలిక్కిపడింది. మళ్లీ పోసి, గొంతు పెంచి మళ్లీ పిలిచింది. మళ్లీ పలికాను. మూడోసారి బండిలో అందరికీ వినపడేటట్టు పిలిచింది, పలికాను. గ్లాసు బోర్లించి చూపించింది. ఒక్క చుక్క కూడా నేల మీద పడలేదు.

తిరుగు దారిలో నా పక్క సీటు ఖాళీగా ఉంది. మాబున్నీ వెనక నుంచి లేచి వచ్చి అందులో కూర్చుంది.

ట్రిప్పు లేదు

పంచాయితీకి పిలిచారు. వెళ్లాను.

ఇంకొకరి వాటా తాగావా అని కుళ్లాయప్ప అడిగాడు. తాగాను, మూడు దోసిళ్లు అన్నాను. పొరపాటున తాగానని చెప్పుకోమని కనుసైగ చేశాడు కూడా, మనిషి చెడ్డవాడు కాదు. పొరపాటు కాదు, కావాలనే తాగాను, దాహంగా కూడా ఉంది అన్నాను. వెనక ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. నా వాటాలో సగం కోత వేశారు, ఈ దుమ్ముకాలం పోయేవరకూ. సరేనన్నాను.

అసలు గొడవ తర్వాత వచ్చింది. పేరు సంగతి. నీళ్లు సుంకమ్మ గడప ముందు పడలేదు కాబట్టి పాపకి పేరు పడినట్టు కాదని కుళ్లాయప్ప అన్నాడు. కోత ఏముంది, భరిస్తాను. ఆ పేరు పోతే ఎట్లా?

మాబున్నీ లేచి నిలబడింది. పంచాయితీ ముందు ఆమె అంత నిదానంగా మాట్లాడగలదని నాకు తెలియదు.

"మా అమ్మ పిలిచె, నేను పిల్చినా, ఊరంతా పిల్చినారు. ఇన్ని ఏండ్లల్లో ఆ ఇల్లు ఒక్కసారన్నా పలికిందాప్పా? ఈమె పలికింది."

కుళ్లాయప్ప గడ్డం గోక్కుంటూ పక్కకి తిరిగాడు. పక్కన కూర్చున్న పెద్దవాళ్లెవరూ ఆయన వైపు చూడలేదు, అందరూ నేల చూపులు చూశారు. మస్తానమ్మ అని రాసుకోండి అని చివరికి గుమాస్తాతో అన్నాడు. నా కోత మాత్రం తియ్యలేదు.

ట్రిప్పు 638

చీమ ఇప్పుడు సుంకమ్మ ఇంటికి దూరంగా ఆగుతోంది. పెద్దన్న పట్టా పక్కకి జరిపించాడు. వకుళ గోడకి ఊతాలు పెట్టించింది. నెర్రె పెరగడం ఆగిందని, కానీ నిలుస్తుందని మాటివ్వలేనని చెప్పింది. ఇల్లు దూరం నుంచి చూస్తే ఇంకా నవ్వుతున్నట్టే ఉంది, కట్టెలు ఆనించుకుని నిలబడి.

వాటా సగం కోతతో నా పెదాలు పగిలాయి. గాలమ్మ దగ్గర మాట పెగల్లేదు, ఎప్పుడూ లేనిది బండి గొంతునే చెప్పనిచ్చాను. ఇవాళ ఎక్కినవాళ్లలో కుళ్లాయప్ప ఉన్నాడు. మళ్లీ ఏ తప్పు పట్టడానికో అనుకున్నాను.

ఇంటికి దూరంగా బండి ఆగింది. దిగి చూడండి, పోయడానికి లేదు అని చెప్పాను. అందరూ దిగి వరసగా నిలబడ్డారు, ఏం చెయ్యాలో తెలియక. చేతుల్లో చెంచాలున్నాయి. అలవాటు కదా, తెచ్చుకున్నారు.

కుళ్లాయప్ప అటూ ఇటూ చూసి నా ముందుకి వచ్చాడు. మొహం చిట్లించుకునే ఉన్నాడు.

"పట్టు" అన్నాడు.

దోసిలి పట్టాను. చెంచాడు పోసి, ఎంకటలచ్చిమీ అని భార్య పేరు పిలిచాడు. ఆమె పోయి చాలాకాలమైంది. తాగి, ఆ అన్నాను. ఆయన గబుక్కున బండి అవతలి పక్కకి వెళ్లిపోయి అక్కడే నిలబడ్డాడు. తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. ఎవరి పేరు పిలిస్తే ఆ పేరుకి పలికాను. దాహంతో ఎండమని కోత వేసిన మనిషితో సహా అందరూ కలిసి నా కడుపు నింపేశారు.

అందరి వెనక మాబున్నీ ఉంది. ఒంటి చేత్తో పాపని ఎత్తుకుని వచ్చింది. పెట్టెలోంచి మొన్ననే బయటికి తీశారట. పిడికెడు మొహం, గడ్డం దాకా దుప్పటి.

దోసిలి పట్టాను. ఆమె పోయలేదు.

"నీక్కాదు" అంది.

చెంచా నా చేతికిచ్చి, అందులో వేలు ముంచి పాప పెదాలకి రాసింది. రాసి, సుంకమ్మ ఇంటి వైపు కాదు, నా వైపు తిరిగి, "ఓబులమ్మా" అని పిలిచింది.

ఇన్ని ట్రిప్పుల్లో నీళ్లిస్తూ నా పేరు ఎవరూ పిలవగా నేను వినలేదు. నా పేరుకి నేనే ఎట్లా పలికేది? కళ్లు నీళ్లతో నిండిపోయాయి, కోతలో ఉన్న మనిషికి అదొక దండగ.

పాప నాలుక చప్పరించింది. మళ్లీ చప్పరించి, ఊ అంది. బండి అవతల ఉన్న కుళ్లాయప్పతో సహా అందరూ విన్నారు.